సోమము, ఇప్పపూవు, తులసి

ఓషధులు భగవంతుని విభూతులలోనివి. చంద్రుడై రసరూపమున సమస్త ఓషధులను పోషించువాడను తానేయని శ్రీకృష్ణ పరమాత్మ గీతయందు పదునైదవ అధ్యాయమున సెలవిచ్చెను. ఆకలి తీర్చునవి కొన్ని, రోగము మాన్పునవి కొన్ని, పూజకు యోగ్యములైనవి కొన్ని. ఇవిగాక మనస్సును మార్చునవియు కొన్ని గలవు. అట్టివాని రసమును గ్రోలినవానికి లోకము వేరుగా తోచును. వెలుగులు, రూపములు కనబడును. తాను వేరు, జగత్తు వేరు అను భావము కరగిపోయినట్లుండును. దీనినే దైవదర్శనమని నమ్మి, అట్టి మొక్కలను ప్రసాదముగా స్వీకరించినవారు ప్రాచీనకాలమున ఉండిరి, నేడును ఉన్నారు. మత్తును కలిగించునది ప్రసాదము కాగలదా? కాగలిగినచో ఏ నియమముతో? ఈ ప్రశ్న వైష్ణవ గృహస్థునకు అక్కరలేనిది కాదు. బిడ్డలు దేశాంతరములకు పోవు ఈ దినములలో ఇది ప్రతి ఇంటి వాకిటికిని వచ్చుచున్నది.

మొదట వేదమును చూతము. ఋగ్వేదమున తొమ్మిదవ మండలము నూటపదునాలుగు సూక్తములతో దాదాపు పూర్తిగా పవమాన సోమునకే అంకితమైనది. సోముడు అక్కడ వట్టి తీగ కాదు, రాజు. అగ్నిష్టోమమున సోమలతను విక్రేతనుండి విధిపూర్వకముగా కొని, బండిపై తెచ్చి, ఇంటికి వచ్చిన రాజునకు వలె ఆతిథ్యేష్టి చేయుదురు. సుత్యాదినమున ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము మూడు సవనములుగా రాళ్లతో దంచి, గొఱ్ఱె ఉన్నితో చేసిన పవిత్రముచే వడగట్టి, పాలు పెరుగులు కలిపి, ముందు దేవతలకు హోమము చేయుదురు. మిగిలినది మాత్రమే ఋత్విజులకును యజమానునకును భక్షణము.

ఇందులో గమనింపవలసినది క్రమము. సోమపానమునకు ముందు దీక్ష గలదు. దీక్షితుడు పాలు మాత్రమే ఆహారముగా గొని, అసత్యమాడక, నేలపై శయనించి, ఇంద్రియములను అదుపునందుంచుకొనవలెను. త్రాగుటకై యజ్ఞము చేయబడలేదు, యజ్ఞము చేసినందున శేషము లభించినది. నియమము తప్పి త్రాగినవానికి సోమమే బాధకమగునని వైదికులు ఎఱుగుదురు. సోమము జీర్ణింపక వమనమైనవానికి సౌత్రామణి యను ప్రాయశ్చిత్తేష్టిని విధించిరి. ఆ సౌత్రామణియందలి సురాగ్రహణమును సైతము ధర్మశాస్త్రకారులు కలివర్జ్యములలో చేర్చిరి.

ఆ మొదటి సోమలత ఏదియను విషయమున పండితులలో ఏకాభిప్రాయము లేదు. ఆర్. గోర్డన్ వాసన్ అను అమెరికా దేశీయుడు 1968లో ప్రకటించిన గ్రంథమున అది తెల్లని చుక్కలుగల ఎఱ్ఱని పుట్టగొడుగని వాదించెను. పారశీకులు హవోమ యను పేరుతో ఎఫెడ్రా యను పొదను ఉపయోగించుటను బట్టి అదియే సోమమని మఱికొందఱి మతము. అయితే మన పూర్వులు ఈ చిక్కును వేఱొక విధముగా విప్పిరి. సోమము దొరకనిచో పూతీకమును దంచవలెనని శ్రుతియే చెప్పినది. జైమిని మహర్షి పూర్వమీమాంస ఆరవ అధ్యాయమున ఈ ప్రతినిధి విచారమును కూలంకషముగా చేసెను. దక్షిణదేశమున సోమయాజులు ఆకులు లేని ఒక పాలతీగను తరతరములుగా సోమముగా గ్రహించుచున్నారు. కేరళలోని పాంజాళ్ గ్రామమున 1975 ఏప్రిల్‌లో నంబూద్రి వైదికులు పండ్రెండు దినములు జరిపిన అతిరాత్రమునందును సోమస్థానమున ఇట్టి తీగయే నిలిచినది. ఆ తీగకు మత్తును కలిగించు గుణము లేదు. అయినను యజ్ఞము యజ్ఞమే. దీనినిబట్టి సోమయాగపు పవిత్రత మత్తునందు లేదనియు, మంత్రమునందు, నియమమునందు, సమర్పణమునందు ఉన్నదనియు స్పష్టమగుచున్నది.

ఈ తత్త్వమును గ్రహించుటకు పుస్తకములే కావలెనని లేదు. ఆదిలాబాదు జిల్లాలోని ఉట్నూరు ప్రాంతమునకు పోయిన చాలును. అక్కడి గోండులకు ఇప్పచెట్టు తల్లివంటిది. సంస్కృతమున దీనినే మధూకమందురు. ఫాల్గుణ చైత్రములలో ఆకు రాలిన కొమ్మలకు గుత్తులుగా పూచి, రాత్రి కడజామున లేత పసుపువన్నె పువ్వులు టపటప నేలరాలును. తెల్లవాఱక ముందే తల్లులు, పిల్లలు బుట్టలు గొని పోయి ఏఱుకొందురు. ఎండిన పువ్వులో సగమునకు మించి చక్కెరయే యుండును. కఱవుకాలమున ఈ పువ్వే అన్నమై ఎన్నో కుటుంబములను బ్రదికించినది. గింజనుండి తీసిన నూనె దీపమునకును వంటకును పనికివచ్చును. ఆ పువ్వును పులియబెట్టి కాచినచో సారా యగును.

ఇప్పసారా సోమమును గుఱించి చెప్పబడునట్లు దర్శనములను కల్పించునది కాదు. అది మద్యమే. అయినను గోండుల ఆచారమున అది మొదట త్రాగుటకు కాదు. పితృదేవతలను, గ్రామదేవతలను, పెర్సాపేన్‌ను కొలుచునప్పుడు ముందుగా నేలపై ధారగా విడిచిన పిమ్మటనే శేషము మనుష్యులకు చెందును. క్రొత్త పంటను దేవునకు నివేదింపక నోట పెట్టరు. ముందు దేవునికి, పిదప మనిషికి అను ఈ వరుస యజ్ఞశాలయందలి హుతశేష న్యాయమే కదా! భాష వేఱు, మంత్రము వేఱు, భావము ఒక్కటి.

ఉట్నూరుకు సమీపమున ఇంద్రవెల్లి మండలము కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యనాడు జరుగు నాగోబా జాతరను చూచినవారికి ఈ మాట మఱింత తేటపడును. మెస్రం వంశీయులు పాదరక్షలు లేక, ఎన్నో దినములు కాలినడకన జన్నారము వైపున గోదావరి హస్తినమడుగునకు పోయి, ఝారీతో పవిత్రజలమును తెత్తురు. తిరిగివచ్చి మఱ్ఱిచెట్ల క్రింద విడిసి, అమావాస్య రాత్రి ఆ జలముతో స్వామికి మహాపూజ చేయుదురు. వంశమునకు వచ్చిన క్రొత్త కోడండ్రను దేవునకు పరిచయము చేయు భేటింగ్ అప్పుడే జరుగును. ఇంతటి ఉత్సవమునకు ప్రాణము గోదావరి నీరు. నార్నూరులో పుష్య పౌర్ణమినాడు జరుగు ఖాందేవ్ జాతరలో తొడసం వంశపు ఆడపడుచు మొక్కుబడిగా త్రాగునది నువ్వులనూనె. దీపావళి దినములలో దండారి ఆడు గుస్సాడీలు నెమలిపింఛముల కిరీటము ధరించి, స్నానము మాని, విభూతి పూసికొని, దీక్షతో ఊరూర తిరుగుదురు. వారియందు దేవుడు వెలసియుండునని జనుల నమ్మకము. ఆ ఆవేశమునకు మూలము డప్పుల మ్రోత, వ్రతనిష్ఠ. నీరు, నూనె, నాదము, నడక, ఇవన్నియు అక్కడ దైవసన్నిధికి ద్వారములు. అడవిబిడ్డల మతమనగా సారాయేయని తలచు మైదానవాసి వారిని ఎఱుగనివాడే.

అయితే సమర్పణము తొలగి సారా మాత్రమే మిగిలినప్పుడు ఏమగును? పండుగనాటి ధార ప్రతిదినపు సీసాగా మాఱినది. చెట్టు నీడను విడిచి దుకాణమునకు చేరినది. అప్పు పెరిగినది, భూమి చేయి జాఱినది, ఇల్లాలి కన్నీరు ఆగలేదు. ఇది గూడెములకే పరిమితమైన వ్యథ కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకొన్న సామాన్య స్త్రీలు 1992లో సారాకు ఎదురు నిలిచిరి. ఆ ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1993లో సారా నిషేధమునకును, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమునకును దారితీసినది. ఆ సంపూర్ణ నిషేధము 1997లో సడలిపోయినను, ఆ తల్లులు చెప్పిన సత్యము సడలలేదు.

పురాణము దీనిని ముందే హెచ్చరించినది. మౌసలపర్వమున ద్వారకలో సుర కాచరాదని కఠినశాసనము వెలువడినది. అయినను ప్రభాసతీర్థమునకు పోయిన యాదవులు బ్రాహ్మణులకై వండిన అన్నమున సుర కలిపి కోతులకు పెట్టిరి. పిదప తామును త్రాగి, మాటకు మాట పెంచుకొని, తుంగపరకలతో ఒకరినొకరు కొట్టుకొని నశించిరి. వారు పామరులు కారు. సాక్షాత్తు భగవంతుని బంధువులు, ఆయనతో కలసి భుజించినవారు. స్వామి సన్నిధిలో నున్నవారినే మత్తు ఈ గతికి తెచ్చినప్పుడు, మత్తుచేతనే స్వామి సన్నిధికి చేరుదుమను మాట ఎట్లు నిలుచును?

పశ్చిమదేశములయందు ఈ విషయమున నేడు గొప్ప విచారణ జరుగుచున్నది. అమెరికాలోని ఆదిమవాసులు పెయోటీ యను చిన్న నాగజెముడును ప్రార్థనలో స్వీకరింతురు. 1918లో ఓక్లహామాలో వారు తమ ధర్మసంఘమును నమోదు చేయించుకొనిరి. 1994లో ఆ దేశపు చట్టము వారి ఆచారమునకు రక్షణ కల్పించినది. బ్రెజిల్‌లో అయహువాస్కా యను కషాయమును ప్రసాదముగా నెంచు సంప్రదాయములు గలవు. మెక్సికోలో మరియా సబీనా యను వృద్ధురాలు రాత్రివేళ జపతపములతో పుట్టగొడుగులను స్వీకరించి, రోగులకు ఉపశమనము చేకూర్చుచుండెడిది. 1955లో వాసన్ ఆమె చెంతకు పోయి, 1957లో ఆ వృత్తాంతమును ఒక పత్రికలో ప్రకటించెను. పిమ్మట పరదేశీయులు గుంపులుగా ఆమె ఊరిపై పడిరి. వారు వచ్చినది రోగము మాన్పుకొనుటకు కాదు, వినోదమునకు. వారు వచ్చినది మొదలు ఆ పుట్టగొడుగుల శక్తి క్షీణించినదని ఆమె వాపోయినది. ఆచారమునుండి వస్తువును పెఱికి తెచ్చుకొన్నచో వస్తువు మాత్రమే మిగులునని దీని తాత్పర్యము.

శాస్త్రజ్ఞులును పరిశీలించిరి. 2006లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమువారు ప్రకటించిన పరిశోధనలో ముప్పదియాఱుగురు పాల్గొనిరి. వారిలో చాలమంది, అది తమ జీవితమునందలి ముఖ్యానుభవములలో ఒకటియని చెప్పిరి. సుమారు మూడవవంతు మంది తీవ్రమైన భయమునకు లోనైరి. వైద్యుల పర్యవేక్షణలో ఇది రోగచికిత్సకు పనికివచ్చినచో మేలే. ఔషధము నింద్యము కాదు. అయితే ఔషధము వేఱు, ఉపాసన వేఱు. హార్వర్డ్‌లో ఆచార్యుడుగా నుండి ఇట్టి ద్రవ్యములపై ప్రయోగములు చేసిన రిచర్డ్ ఆల్పర్ట్, ఎంత పైకి పోయినను మఱల క్రిందికి దిగవలసివచ్చుచున్నదని విసిగి, 1967లో భారతదేశమునకు వచ్చెను. హనుమద్భక్తుడైన నీమ్ కరోలీ బాబాను ఆశ్రయించి రామదాసుడయ్యెను. దిగివచ్చుట లేని స్థితిని ఆయన నామమునందు వెదకికొనెను.

ఈ ఎక్కుట దిగుటలను గుఱించి భగవద్రామానుజులు శ్రీభాష్యారంభమున తేల్చి చెప్పిరి. భక్తి యనగా తైలధారవలె తెగని స్మృతి. అట్టి స్మృతికి వాక్యకారుని ననుసరించి ఏడు సాధనములను వారు చెప్పిరి. వివేకము, విమోకము, అభ్యాసము, క్రియ, కల్యాణము, అనవసాదము, అనుద్ధర్షము అని వాని పేర్లు. మొదటిదగు వివేకము ఆహారశుద్ధి. ఆహారము శుద్ధమైనచో సత్త్వము శుద్ధమగును, దానివలన స్మృతి స్థిరపడునని ఛాందోగ్యము. చివరి రెండింటిని ప్రత్యేకముగా మననము చేయవలెను. అనవసాదమనగా కుంగిపోకుండుట. అనుద్ధర్షమనగా మితిమీఱి పొంగిపోకుండుట. దుఃఖము వలెనే అతిసంతోషమును స్మృతిని తెంచునని ఆచార్యుల సూక్ష్మదృష్టి. మత్తు చేయునది సరిగా ఈ రెండే. రాత్రి ఉద్ధర్షము, తెల్లవాఱి అవసాదము. మధ్యలో స్మృతి ఎక్కడ? కనబడిన వెలుగు ఎంత గొప్పదైనను, మఱునాడు అది ఓర్పును, సత్యమును, దయను పెంచినదా యని చూడవలెను. పెంచనిచో అది దృశ్యమే, దర్శనము కాదు.

భక్తిలో మత్తు లేదా యనిన, గలదు. ఆళ్వారులు స్వామినే తనివితీరని అమృతమనిరి. కులశేఖరుడు తాను పిచ్చివాడనని ఒప్పుకొనెను. మన పోతనామాత్యుని ప్రహ్లాదుడు హరిపాదచింతనామృతముచే మత్తిల్లిన తన చిత్తము వేఱొకచోటికి పోజాలదని తండ్రి యెదుట పలికెను. ఆ మత్తులో నున్న బాలుడు తూలలేదు, తడబడలేదు. ఏనుగులు త్రొక్కినను, పాములు కఱచినను మెలకువతో నిలిచెను. ఒక మత్తు మెలకువను హరించును, ఒక మత్తు మెలకువను ఇచ్చును. రెండింటికిని భేదమిదియే.

కనుకనే గీతలో సోమపానము చేసి స్వర్గము చేరినవారు పుణ్యము క్షీణింపగా మఱల మర్త్యలోకమునకు వత్తురని చెప్పిన స్వామి, ఆ అధ్యాయముననే ఆకు, పువ్వు, పండు, నీరు భక్తితో ఇచ్చిన చాలుననెను. వైష్ణవాలయమున తీర్థపాత్రయందు ఉండునది నీరు, తులసి, పచ్చకర్పూరము. తులసి ఎవరిని మత్తులో ముంచదు. పేదవాని పెరటిలోను పెరుగును. అయినను ఆ దళము లేని నివేదనము వెలితియే.

ఇప్పపూవును నిందింపరాదు. నేడు ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఆ పువ్వును బెల్లము, పల్లీలు, నువ్వులతో కలిపి లడ్డూలు చేయుచున్నారు. బలహీనులైన బాలికలకు అది రక్తపుష్టినిచ్చు ఆహారమగుచున్నది. కాచినచో సారాయగు పువ్వే తల్లి చేతిలో ప్రసాదమువంటి పదార్థమైనది. ఆ ప్రాంతపు జాతరలకు పోవు యాత్రికులు అక్కడివారి ఆచారమును గౌరవముతో చూచి, వారి పూజాద్రవ్యమును తమ వేడుకకు అడుగక, ఒక ఇప్పలడ్డూ కొని కన్నుల కద్దుకొని తినవలెను. దూరదేశమున నున్న బిడ్డ ఇట్టి మొక్కల మాట ఎత్తినచో గద్దింపక, సోమయాగపు నియమమును, ప్రభాసతీర్థపు కథను, ప్రహ్లాదుని మెలకువను ఓపికతో చెప్పవలెను. ఇంట నిత్యము తులసికోటకడ దీపము వెలుగుచుండవలెను.

ఓషధులలో రసమై యున్న శ్రీనివాసుడు ప్రతి గృహమునందును తెగని స్మృతిని అనుగ్రహించు గాక!