కన్నీళ్ళతో పాటు కాగితం కూడా తెచ్చుకో

తల్లీ,

1991లో చంపేసిన మన చుండూరు దళితవాడ ఎనిమిది మంది జ్ఞాపకంగా, ఆగస్టు ఆరో తారీఖు రక్తక్షేత్రం దగ్గర జరిగే సభలో నువ్వు మాట్లాడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వింటుంటే ఒళ్ళు పులకరించింది. లా చదివే పిల్లవి, నీకు చెప్పేంతవాణ్ణి కాను. కాకపోతే ముప్పై ఏళ్ళుగా ఆ సభలో చాప మీద కూర్చుని విన్నవాణ్ణి. మైకు పట్టినవాడికి తెలియని సంగతులు కొన్ని చాప మీద కూర్చున్నవాడికి తెలుస్తాయి. నచ్చకపోతే తాత చాదస్తం అనుకో.

మీ పాఠాల్లో అరిస్టాటిల్ ముచ్చట వచ్చే ఉంటుంది. జనాన్ని ఒప్పించాలంటే చెప్పేవాడి మీద నమ్మకం, వినేవాడి మనసు, మాటలో తర్కం, ఈ మూడూ కావాలన్నాడట. ఆయన్నెరగని మన వాడలో కూడా ఇది తెలిసిన విషయమే. ఎవడన్నా లేచి మాట్లాడితే మీ నాయనమ్మ మూడే ప్రశ్నలు వేసేది: ‘ఎవరబ్బాయి? ఏమంటాడు? అయితే ఏంటంటాడు?’

మన సభల్లో ఎక్కువమంది చేసే పొరపాటు ముందు చెబుతా. కారు దిగడం, దండ వెయ్యడం, గొంతు పెంచడం. తుంగభద్ర డ్రైను, గోనె సంచులు, గొడ్డళ్ళు అంటూ మొదలుపెడతారు. ఎవరికి చెబుతున్నట్టు? ఆ శవాల సంచులు పైకి లాగుతుంటే గట్టు మీద నిలబడి చూసినవాళ్ళు ముందు వరుసలోనే ఉంటారు. ఎనిమిది మందిలో తమవాడు ఏ సంచిలో ఉన్నాడోనని వెతుక్కున్న ఆడవాళ్ళకు ఆ సంచి సంగతి నువ్వు మళ్ళీ వర్ణించాలా? ఒకసారి ఒక వక్త అలా ఊగిపోతుంటే, నా పక్కనున్న పెద్దావిడ చెంగు దులుపుకుని లేచి ఇంటికెళ్ళిపోయింది. ఆయన గమనించలేదు, నేను గమనించాను.

దుఃఖం చెప్పొద్దని కాదు. 1991 తర్వాత పుట్టినవాళ్ళు వెనక బళ్ళ మీద కూర్చుని ఉంటారు, వాళ్ళకు చెప్పు. అదైనా ఒక్కటి చాలు. సినిమా హాల్లో కాలు తగిలిందన్న చిన్న గొడవ, ఆ తర్వాత పనులకు పిలవకుండా వెలి, ఆ తర్వాత ఆగస్టు 6. కాలు తగలడానికీ గొడ్డలికీ మధ్య ఎన్ని వారాలున్నాయో చెప్పి ఊరుకో. విశేషణాలు వాళ్ళే వేసుకుంటారు.

ఇంకో మాట, నవ్వకు. మన ఊరి పేరులో మొదటి అక్షరం చాపలో ‘చ’లా పలకాలి, చిలకలో ‘చ’లా కాదు. రైల్వే వాళ్ళు ఇంగ్లీషులో టి పెట్టి రాసింది అందుకే. బయటినుంచి వచ్చినాయన ఊరి పేరే తప్పు పలికాడా, మిగతా గంటా వాడ వినదు. నువ్వు గుంటూరు హాస్టల్లో నాలుగేళ్ళుండి యాస మార్చుకున్నావు. ఆ రోజుకు మాత్రం మన మాటే మాట్లాడు.

నమ్మకమన్నది ఎక్కణ్ణుంచి వస్తుందో ఒక మనిషిని చూసి తెలుసుకున్నాను. 1985 జులైలో కారంచేడులో దళితుల హత్యలు జరిగినప్పుడు బొజ్జా తారకం గారు హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు. ఆ పదవికి రాజీనామా చేసి బాధితుల పక్షాన నిలబడ్డారు. ఆ తర్వాత ఆయన ఏ సభలో లేచినా పెద్దగా అరవాల్సిన పని పడలేదు. ఇదంతా చెప్పి నిన్ను చదువు మానుకోమనటం లేదు, ఊరుకో! ఈ వాడ కోసం నువ్వేం చేశావో అది మాత్రమే చెప్పు. ఏమీ చెయ్యలేదా, ‘ఇంకా చదువుకుంటున్నాను’ అను. వాడ అర్థం చేసుకుంటుంది.

ఇక తర్కం. ఇక్కడ నా సొంత గాయం ఒకటుంది.

బాపట్ల జిల్లా ఇంకా రాని రోజులవి, మనది గుంటూరు జిల్లాయే. మన శ్మశానానికి దారి లేదు, వర్షాకాలం వస్తే పాడె చేలగట్ల మీద మొయ్యాలి. సోమవారం అర్జీలు తీసుకునే గ్రీవెన్సుకు వెళ్ళాను. రాత్రంతా తయారైన ఉపన్యాసం ఇచ్చాను. బురదలో జారిన పాడె గురించి చెబుతుంటే నాకే గొంతు పూడుకుపోయింది. టేబులు అవతలాయన పాపం కదిలిపోయాడు, మంచినీళ్ళు కూడా ఇప్పించాడు. ఆ తర్వాత పెన్ను తీసి, ‘సర్వే నంబరెంత?’ అన్నాడు. నా దగ్గర లేదు. ‘పోరంబోకా, పట్టాయా?’ తెలియదు. అర్జీ మీద ఏదో రాసి కింది ఆఫీసుకు తోశాడు. అది ఏ బీరువాలో పడుకుందో ఇప్పటికీ తెలియదు.

రెండోసారి వెళ్ళేముందు నెల రోజులు తిరిగాను. అడంగల్ తీయించాను, పొలం కొలతల పుస్తకం, అదే ఎఫ్.ఎమ్.బి., నకలు సంపాదించాను. పటంలో పుంత దారి స్పష్టంగా ఉంది, చేలో మాత్రం లేదు, దున్నేసుకున్నారు. ఈసారి ఉపన్యాసం లేదు. నకలు టేబులు మీద పరిచి పుంత మీద వేలు పెట్టాను. ‘అయ్యా, ఇది సర్కారు దారి. దీని మీదుగా మా శవం వెళ్ళటం లేదు’ అన్నానంతే. సర్వేయరు వచ్చాడు. ఆ రెండో వాక్యం లేకపోతే మొదటి వాక్యం బీరువాకే వెళ్ళేదని నా నమ్మకం. మొదటిది లేకపోతే ఏమైందో నీకు చెప్పాను కదా.

మన ఊరి కేసులో ఇంతకంటే పెద్ద ఉదాహరణ ఉంది, నువ్వు మాట్లాడాల్సింది దాని గురించే. విచారణ ఊళ్ళోనే జరగాలి, ప్రత్యేక కోర్టు చుండూరుకే రావాలి అన్నారు మనవాళ్ళు. అది ఏడుస్తూ అడిగింది కాదు. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ప్రత్యేక కోర్టులు పెట్టమంటోంది. సాక్షులు రోజుకూలీలు, వాయిదా వాయిదాకీ కూలి పోగొట్టుకుని తిరగలేరు. నేరం జరిగిన చోటే సాక్షి ధైర్యంగా నిలబడగలడు. ఈ మూడూ కలిపి అడిగారు. కోర్టు వచ్చింది. పౌరహక్కుల లాయరు చంద్రశేఖర్ గారు ప్రత్యేక ప్రాసిక్యూటరుగా నిలబడ్డారు. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడ్డాయి, 123 మందిని వదిలేశారు.

ఆ తర్వాతది కూడా దాచకు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు శిక్షలన్నీ కొట్టేసింది. ఎవరు ఎక్కడ, ఏ సమయంలో, ఎవరి చేతిలో చనిపోయారో ప్రాసిక్యూషన్ సందేహం లేకుండా నిరూపించలేదంది. అదే సాక్ష్యం ఇక్కడ నిలిచింది, అక్కడ నిలవలేదు. ఆ రోజు వాడలో పొయ్యిలు వెలగలేదు. నాకు ఆ తీర్పు అన్యాయమనే అనిపిస్తుంది. చేలకు అడ్డంపడి ప్రాణం దక్కించుకుని పరిగెత్తేవాడు గడియారం చూస్తాడా? మనకు టైమంటే పొద్దు. కానీ తల్లీ, నా కోపం వాదన కాదు. ఆ తీర్పు పేజీ పేజీ చదివి, ‘ఇదిగో ఈ కారణం ఇందుకు నిలవదు’ అని చెప్పగలిగితే అది వాదన. చదువుకున్నదానివి, ఆ పని నువ్వు చెయ్యాలి. జడ్జీలను తిట్టేవాళ్ళు సభలో ఎలాగూ ఇద్దరో ముగ్గురో ఉంటారు.

ఒప్పుకోని వాళ్ళ గురించి దిగులు పడకు. తెనాలి చుట్టుపక్కల పుట్టినవాడికి నాటకంలో కృష్ణరాయబారం సీను తెలియకుండా ఉండదు. పందిరి లోపల చోటివ్వకపోయినా బయట గట్టు మీద కూర్చుని తెల్లారేదాకా విన్నవాళ్ళం. అర్ధరాజ్యం దగ్గర మొదలైన కృష్ణుడు అయిదూళ్ళకు దిగొచ్చాడు. దుర్యోధనుడు అదీ ఇవ్వనన్నాడు. కృష్ణుడు ఓడినట్టా? అంత తక్కువ అడిగినా ఇవ్వలేదన్నది సభలో భీష్ముడూ విన్నాడు, గట్టు మీద మేమూ విన్నాం. నీ సభకు ఎదుటివాళ్ళు రాకపోవచ్చు. రోడ్డు మీద టీ తాగుతూ మైకు వినేవాళ్ళుంటారు, పేపరువాళ్ళుంటారు, బందోబస్తు కానిస్టేబులుంటాడు. వాళ్ళూ నీ శ్రోతలే. వాళ్ళు రేపు ఇంకోచోట చెప్పుకునేలా మాట్లాడు.

పది నిమిషాలు మించకు. ఎనిమిది మంది పేర్లు కాగితం చూడకుండా చెప్పు. వరస తప్పినా ఫరవాలేదు, ఒక్క పేరు వదిలేస్తే మాత్రం ఆ ఇంటివాళ్ళు ఏడాదంతా గుర్తుపెట్టుకుంటారు.

నువ్వు అయిదో తారీఖు సాయంత్రానికే రా. తెనాలిలో రైలు మారేముందు ఫోన్ చేస్తే స్టేషనుకొస్తాను. రెండు తీర్పుల కాపీలూ సంచిలో పెట్టుకో, నా కళ్ళజోడు అద్దం మార్పించాను. రాత్రికి నీ ఉపన్యాసం ముందు నాకు చదివి వినిపించు.