అదే పేరు

మా పెద్దమ్మ కూతురికి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయిది నల్లగొండ వైపు, ప్రైవేటు ఉద్యోగం. చిట్యాలలో వాళ్లింటి అరుగు మీద కూర్చున్నప్పుడు పెద్దమ్మ అడిగింది: "బిడ్డా, నువ్వు ఫోన్ల అన్ని చూస్తవు గద. జర ఆ పిలగాని గురించి చూడరాదు."

చూశాను. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో జిల్లా ఎంచుకుని, పేరు, సంవత్సరం కొడితే కేసుల జాబితా వస్తుంది. ఇంటిపేరుతో సహా అదే పేరు ఒక చీటింగ్ కేసులో కనబడింది. ఆ జాబితాలో వయసు లేదు, ఫొటో లేదు. ఫోన్ పెద్దమ్మ చేతికిచ్చి "ఇదే పేరు" అన్నాను. "ఇతనే" అనలేదు. కానీ ఆమెకు అది ఎట్లా వినబడుతుందో నాకు తెలుసు.

సంబంధం వద్దని కబురు పోయింది. కారణం ఎవరూ చెప్పలేదు. నెల తర్వాత తెలిసింది: కేసులో ఉన్నది యాభై దాటిన మనిషి. వేరే మండలం, తండ్రి పేరు వేరు.

రికార్డులో తప్పు లేదు. ఆ పేరుగల ఒకరి మీద కేసు ఉన్న మాట నిజం, ఆ పేరుగల ఇంకొకరు పెళ్లిచూపులకు వచ్చిన మాటా నిజం. ఆ రెంటినీ కలిపింది నేను. పైగా ఆ పెద్దాయన నిందితుడే, దోషి అని ఏ కోర్టూ ఇంకా చెప్పలేదు. ఒక్క సెర్చ్‌తో ఇద్దరి మీద తీర్పు ఇచ్చేశాను.

పేరు ఒక్కటే చాలదని మన చట్టానికి ఎప్పుడో తెలుసు. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లో 22వ నియమం ప్రకారం, ఇద్దరు అభ్యర్థుల పేర్లు ఒకటే అయితే వాళ్ల వృత్తో, నివాసమో, ఇంకేదైనా గుర్తో చేర్చి వేరుచేయాలి. అదీ చాలక 2015 నుంచి బ్యాలెట్ మీద ఫొటో కూడా వేస్తున్నారు. 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని మహాసముంద్‌లో బీజేపీ అభ్యర్థి చందూలాల్ సాహుకు పోటీగా అదే పేరో, దాదాపు అదే పేరో ఉన్నవాళ్లు చాలామంది నిలబడ్డారు. ఆయన 1,217 ఓట్లతో బయటపడ్డాడు. ఇట్లాంటి పోటీని అడ్డుకోవాలన్న పిటిషన్‌ను 2024లో సుప్రీంకోర్టు విచారణకు తీసుకోలేదు. తల్లిదండ్రులు పెట్టిన పేరు వల్ల ఒకరిని పోటీ చేయొద్దని ఎట్లా అంటామన్నది కోర్టు ప్రశ్న. ఓటరు పొరబడకుండా ఇంత ఏర్పాటు ఉంది. అరుగు మీద ఫోన్ పట్టుకున్న నాకు ఏ నియమమూ అడ్డం రాలేదు.

చిన్నప్పుడు చిట్యాల ఐలమ్మ మా ఊరామెనే అని బడిలో గొప్పగా చెప్పుకునేవాణ్ణి. చిట్యాల ఆమె ఇంటిపేరు. విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి ఆమె పంట కాపాడుకున్నది పాలకుర్తిలో. అసలు చిట్యాల అనే ఊరే భూపాలపల్లి జిల్లాలో ఇంకొకటి ఉంది. నిజం తెలిశాక నవ్వుకుని వదిలేశాను, ఎందుకంటే దానివల్ల ఎవరికీ నష్టం లేదు. పేరు కలిస్తే చాలు, మిగతాది మనమే పూరించుకోవడం అనే అలవాటు మాత్రం పోలేదు. ఈసారి నష్టం ఇంకొకరిది.

ఇదంతా చెబితే పెద్దమ్మ ఒక్కటే అడిగింది: "మరి అతనే అయ్యుంటే? రేపు మా పిల్లకు ఏమన్నా అయితే నువ్వొస్తవా?"

ఆ భయం అబద్ధం కాదు. ఆడపిల్లను తెలియని ఇంటికి పంపేవాళ్లు ఆరా తీయడంలో తప్పు లేదు. కానీ నేను ఆరా తీయలేదు. తీసి ఉంటే కేసు వివరాలు తెరిచి చూసేవాణ్ణి, ఆ ఊరికి వెళ్లి ఒకరిద్దరిని అడిగేవాణ్ణి, లేదంటే "తెలవదు" అని ఒప్పుకునేవాణ్ణి. అనుమానాన్ని సమాచారంలా ఆమె చేతిలో పెట్టాను. తప్పయితే దాని ఖర్చు పెట్టుకోవాల్సిన మనిషి ఆ అరుగు మీద లేడు, తన మాట చెప్పుకునే వీలూ అతనికి లేదు.

అతనికి ఫోన్ చేసి చెప్పాలా అని చాలాసార్లు అనుకున్నాను. చెబితే నాకు తేలికవుతుంది. అతనికి మాత్రం ఒక కొత్త అవమానం తెలుస్తుంది. ఇంకా తేల్చుకోలేదు.

మొన్న పెద్దమ్మ మళ్లీ ఫోన్ చేసింది. ఇంకో సంబంధం. పేరు చెప్పింది.

"తండ్రి పేరేంది, పెద్దమ్మా?" అన్నాను. "ఏ ఊరు? వయసెంత?"

అవతల కాసేపు మాట లేదు. "అడిగి చెప్తా బిడ్డా" అన్నది.