పరకాయ ప్రవేశం

పోయిన వేసవి సెలవుల్లో మా అక్క కూతురు మా ఇంట్లో నెల రోజులుంది. వచ్చిన దగ్గర్నుంచీ లావుపాటి నవల ఒకటి చేతిలోంచి వదిలితే ఒట్టు. ఏమిటా అని నేనూ తీసి చదివాను. పేరు ‘క్లాక్‌వర్క్ ఏంజెల్’. కసాండ్రా క్లేర్ రాయగా 2010లో వచ్చింది. కథ 1878లో, విక్టోరియా రాణి నాటి లండన్‌లో జరుగుతుంది. అన్న దగ్గరికని న్యూయార్క్ నుంచి ఓడలో వెళ్ళిన టెస్సా అనే పదహారేళ్ళ పిల్లను ఇద్దరు మాయలమారి ఆడవాళ్ళు బంధిస్తారు. ఆ పిల్లలో ఆమెకే తెలియని శక్తి ఒకటి ఉంది. ఒకరి వస్తువు చేతబట్టుకుంటే వారి రూపం ఆమెకు వస్తుంది. రూపంతో పాటు వారి జ్ఞాపకాలూ, భయాలూ వస్తాయి.

“ఇందులో కొత్తేముందే, మన పరకాయ ప్రవేశమే కదా!” అని శంకరాచార్యుల కథ చెప్పాను. మండనమిశ్రుని భార్య ఉభయభారతి కామశాస్త్రంలో ప్రశ్నలడిగితే, సన్న్యాసి గనుక గడువు కోరి, చనిపోయిన అమరుక మహారాజు దేహంలో ప్రవేశించాడనీ, రాణుల మధ్య ఉండి తెలుసుకోవలసింది తెలుసుకుని, తిరిగివచ్చి గెలిచాడనీ కథ. పిల్ల అంతా విని, “మరి ఆ రాణుల్ని ఎవరైనా అడిగారా పిన్నీ?” అంది.

నాకు జవాబు తోచలేదు. చిన్నప్పటి నుంచీ విన్న కథే. వాదంలో ఎవరు గెలిచారన్నదే చూశాను గాని, తమ భర్త లేచి వచ్చాడనుకున్న ఆ ఆడవాళ్ళ మాట నాకెప్పుడూ తట్టలేదు. ఇంకొకరి లోపలికి వెళ్ళగల శక్తి ఉన్నంత మాత్రాన వెళ్ళే హక్కు కూడా ఉంటుందా? ఇది మాయలూ మంత్రాలూ తెలిసినవాళ్ళకే వచ్చే ప్రశ్న అనుకుంటాం. నాకు మాత్రం ఆ రాత్రి మూడేళ్ళ క్రితం సంగతి గుర్తొచ్చి నిద్రపట్టలేదు.

గుంటూరు జిల్లా నుంచి కొడుకు దగ్గరికి ఆరునెలలకని వచ్చిన పెద్దాయన పచ్చకామెర్లతో మా ఆసుపత్రిలో చేరాడు. పరీక్షల్లో పాంక్రియాస్ క్యాన్సరనీ, అప్పటికే కాలేయానికి పాకిందనీ తేలింది. కొడుకు నన్ను వరండాలోకి పిలిచి, “నాన్నకి చెప్పకండి డాక్టరు గారూ, తట్టుకోలేరు” అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఇక్కడ 2021 నుంచి పరీక్షల ఫలితాలు వెంటనే రోగికి కంప్యూటర్లో కనిపించాలని నిబంధన ఉంది. కాని ఆయన పాస్‌వర్డు కొడుకు దగ్గరే ఉంది. ఫోనులో దుభాషిని పిలవటం ఆనవాయితీ. నాకు తెలుగు వచ్చు గదా అని నేనే పిలవలేదు.

లోపలికి వెళ్ళి “బాబాయిగారూ” అన్నాను. ఆ ఒక్క పిలుపుతో ఆయన మొహం విప్పారింది. పరాయి దేశంలో కూతురు దొరికినట్టు నా చెయ్యి పట్టుకున్నాడు. “లోపల చిన్న అడ్డు ఉంది, గొట్టం వేస్తే కామెర్లు తగ్గుతాయి” అన్నాను. గొట్టం వేశారు, కామెర్లు తగ్గాయి. నేను చెప్పినదాంట్లో అబద్ధం లేదు, నిజమూ లేదు.

రెండు నెలలు గడిచేసరికి మనిషి మంచం పట్టాడు. ఒకరోజు నెమ్మదిగా అడిగాడు: “ఏమ్మా, ఇన్నాళ్ళూ నాతో మాట్లాడింది కూతురా, డాక్టరా?” అప్పుడు చెప్పాను. ఆయన ఏడవలేదు, కోప్పడలేదు. పొలం గట్టు తగాదాతో పన్నెండేళ్ళుగా మాటల్లేని తమ్ముడు ఊళ్ళో ఉన్నాడట. “ముందే తెలిస్తే వెళ్ళి కనిపించేవాణ్ణి” అన్నాడు. విమానంలో కూర్చునే ఓపిక అప్పటికే దాటిపోయింది. చివరికి ఫోను కలిపాం. అన్నదమ్ములిద్దరూ వానల గురించి మాత్రమే మాట్లాడుకున్నారు.

దాచటం మన సంస్కృతి, మొహాన చెప్పటం వీళ్ళ సంస్కృతి అని మనలో చాలామంది అంటారు. ఇది పూర్తిగా నిజం కాదు. 1961లో డాక్టర్ ఓకెన్ షికాగోలో వైద్యుల్ని అడిగితే, క్యాన్సరని రోగికి చెప్పకపోవటమే మేలని సుమారు 90 శాతం మంది అన్నారు. 1979లో రోచెస్టర్‌లో అదే ప్రశ్న వేస్తే, చెప్పటమే మేలని 97 శాతం మంది అన్నారు. పద్దెనిమిదేళ్ళలో ఒక దేశపు వైద్యులు ఇంతగా మారారంటే, ఏదో ఒకటి మన రక్తంలోనే ఉందనటానికి వీల్లేదు.

అలాగని తెలిసినదంతా మంచం పక్కన నిలబడి గుమ్మరించటమూ న్యాయం కాదు. హూస్టన్ ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్ వైద్యుడు బెయిల్, ఆయన సహచరులు 2000లో దుర్వార్త చెప్పటానికి ఆరు మెట్లు గల పద్ధతి ఒకటి ప్రకటించారు. అందులో మూడో మెట్టు రోగి అనుమతి తీసుకోవటం. వార్త చెప్పటం దాని తర్వాతిదే. “వివరాలన్నీ మీకే చెప్పమంటారా, మీ అబ్బాయికి చెప్పమంటారా?” అని అడగాలి. ఆ పెద్దాయన “వాడికే చెప్పమ్మా” అని ఉంటే దాచటం కూడా ఆయన మాట నిలబెట్టటమే అయ్యేది. నేను అడగలేదు. నాకు తెలుగు రావటమూ, వరస కలుపుకోవటమూ నా మంచితనమే అనుకున్నాను గాని, అవి ఆయన లోపలికి పోవటానికి దొరికిన మంత్రాలని తెలుసుకోలేదు.

టెస్సాకు నాకూ ఒక తేడా ఉంది. చనిపోయిన పిల్లగా మారినప్పుడు టెస్సా ఆ పిల్ల మరణభయం తానూ అనుభవిస్తుంది. నేను కూతురి రూపమైతే ధరించాను గాని, తండ్రికి ఏం తెలుసుకోవాలని ఉందో ఒక కూతురు పడే బెంగ పడలేదు.

అందుకని మన సంఘ సభ్యులకు నా మనవి ఒకటే. మీ అమ్మానాన్నలు ఇక్కడికి వచ్చినప్పుడు, ఆరోగ్యంగా ఉండగానే, ఏ సాయంత్రమో కాఫీ ఇచ్చి అడగండి: అలాంటి రోజొస్తే ఎవరికి చెప్పాలి, ఎంత చెప్పాలి అని. అశుభం పలికావని తిట్టినా ఫరవాలేదు, అడగండి.

ఇక ఆ రాణుల సంగతి. మా పిల్లకు నేనింకా జవాబు బాకీ ఉన్నాను. మీలో పెద్దలెవరికైనా తోస్తే రాయండి, చదివి వినిపిస్తాను.