డబ్లిన్ గాజు, హైదరాబాద్ ఆకాశం

డబ్లిన్‌లో థామస్ గ్రబ్ మొదట చేసినవి బిలియర్డ్స్ బల్లలు. బ్యాంక్ ఆఫ్ ఐర్లాండ్‌కు నోట్లు అచ్చువేసే యంత్రాలూ ఆయన చేతి పనే. టెలిస్కోపుల మీది సరదా క్రమంగా కుటుంబ వ్యాపారమైంది. కొడుకు హోవార్డ్ అందుకున్నాక గ్రబ్ పేరు ఖండాలు దాటింది.

1901లో హైదరాబాద్ నవాబు జఫర్ జంగ్ కొన్నది 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపే. అంటే కటకం అడ్డుకొలత 38 సెంటీమీటర్లు, మనం అన్నం తినే కంచం కంటే పెద్దది! సొమ్ము తనది, ఆ టెలిస్కోపుతో నెలకొల్పిన వేధశాలకు పేరు మాత్రం నిజాంది. నవాబుగారి మర్యాద నాకు భలే ముచ్చటేస్తుంది. ఆయన పోయాక, 1908లో నిజాం ప్రభుత్వం ఆ వేధశాలను చేపట్టింది.

గ్రబ్ సంస్థ 1925లో పార్సన్స్ చేతికి వెళ్లింది, 1985లో మూతపడింది. ఇక హైదరాబాద్ దీపాల వెలుగులో ఇప్పుడు చుక్కలు సరిగా కనబడవు. దీపాలు తక్కువగా ఉండే బస్తర్ పల్లెల్లో ఉన్నవాళ్లు అదృష్టవంతులు, ఈ రాత్రి ఒక్కసారి తలెత్తి చూడండి.