కాపు లేని ఏడు

కిందటేడు వైశాఖంలో ఒక రాత్రి గాలివాన వచ్చి పోయింది. తెల్లారి పెరట్లోకి వెళ్తే మామిడి చెట్టు కింద అడుగు పెట్టే సందు లేదు. తడిసిన ఆకుల మధ్య కాయలే కాయలు, కొన్ని తొడిమలతో, కొన్ని పగిలి సొన కారుతూ. ఇంకో పది రోజులాగి, టెంక బాగా ముదిరాక కోయిద్దామని చూస్తున్నాం. గాలి ఆ పది రోజులు ఇవ్వలేదు.

అత్తయ్య కొంగు నడుముకు దోపుకుని మూడు బుట్టలు తెచ్చింది. దెబ్బ తగలని కాయ ఒకదాంట్లోకి, ఒకపక్క కమిలింది రెండోదాంట్లోకి, పగిలింది మూడోదాంట్లోకి. పగిలినవి ఆ పూట పప్పులోకి. కమిలినవి, ఆ మేరకు చెక్కేసి, ఒరుగులకు. మంచివి ముందు ఇరుగుపొరుగుకు, మిగిలినవి మాగాయకు. కాయను చేతిలో ఒక్కసారి తిప్పి చూసి దాని దారి తేల్చేస్తుంది ఆవిడ. నేను ఇప్పటికీ రెండు మూడుసార్లు తిప్పుతాను.

బజారులో కొనేటప్పుడు ఎంత కావాలో నేను చెప్తాను. పెరట్లో కాసినప్పుడు ఎంత తీసుకోవాలో చెట్టు చెప్తుంది, ఎప్పుడు తీసుకోవాలో కూడా. ఆ వారం మా ఇంట్లో అన్ని పనులూ కాయల వెనకే నడిచాయి. అది నాకు బరువనిపించలేదు. మన ఇష్టంతో పని లేకుండా ఇంత వచ్చి ఒళ్లో పడితే, దాన్ని మట్టిలో కలవనీయకుండా చూడటమే తీసుకున్నందుకు మనం చేయగలిగే మర్యాద.

చెక్కు తీసి పొడుగ్గా తరిగిన ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించి జాడీలో వేసి వాసెన కట్టాం. మర్నాటికే ముక్కలు కుంగి, పైకి పచ్చటి ఊట తేలింది. మేం చుక్క నీళ్లు పోయలేదు. ముక్క లోపలి నీటిని ఉప్పే బయటికి లాగుతుంది. మూడో రోజు పిండాలి. గుప్పిట్లోకి వచ్చినన్ని తీసుకుని, ముక్క నలగకుండా, నీరు మిగలకుండా. వేళ్ల సందుల్లో చిన్న గాటు ఉన్నా ఆ పులుపు చుర్రుమంటుంది. పిండిన ముక్కల్ని డాబా మీద పాత పంచె పరిచి, ఒకదానికొకటి అంటకుండా ఎండబెట్టాం. పక్కనే పింగాణీ బేసిన్‌లో ఊటనూ ఎండలో పెట్టాం. ముక్క వంచితే వంగాలి, విరక్కూడదు, వేలికి తడి అంటకూడదు. అప్పుడు దాన్ని తీసుకెళ్లి మళ్లీ ఆ ఊటలోనే వేస్తాం. కారం, వేయించి కొట్టిన మెంతిపిండి, చల్లారిన ఇంగువ పోపు ఆ తర్వాత.

ప్రతిసారీ నా మనసు ఇక్కడే ఆగుతుంది. తనలోంచి పోయిన నీటినే ముక్క మళ్లీ తాగుతుంది. కానీ పోయినప్పటి నీరు వేరు, వచ్చినప్పటి నీరు వేరు. పచ్చి ముక్కలో ఉన్నప్పుడు ఆ తడే బూజుకూ కుళ్లుకూ ఆధారం. ఉప్పూ పులుపూ చిక్కబడి తిరిగొచ్చాక అదే వాటికి అడ్డు. నిలవ ఉండటమంటే మారకుండా ఉండటమని చాలాకాలం అనుకున్నాను. మాగాయ ముక్క పచ్చిదనం, కరకర, రంగు అన్నీ వదిలేసింది. పులుపు వదల్లేదు, అందుకే ఏ నెలలో నోట్లో వేసుకున్నా అది మామిడే.

పెళ్లయి వచ్చిన కొత్తలో నేను దేన్నీ వదలకూడదనుకున్నాను. మా పుట్టింట మాగాయలో వెల్లుల్లి పడాల్సిందే, ఇక్కడ పడదు. ఆ ఒక్క వెల్లుల్లి కోసం లోపల్లోపల ఎంత కుమిలిపోయానో. ఇప్పుడు పెద్ద జాడీ ఈ ఇంటి తీరులో, చిన్న జాడీ మా అమ్మ తీరులో పెడతాం. అత్తయ్య పెరుగన్నంలోకి చిన్న జాడీయే అడుగుతుంది.

ఒక ఏడాది మాత్రం అత్తయ్య ఊళ్లో లేనప్పుడు నేనే పెట్టాను. మబ్బు కమ్మిందని ఒక్క ఎండతో సరిపెట్టి ముక్కలు ఎత్తేశాను. శ్రావణంలో మూత తీస్తే తెల్లటి బూజు. పారబోయడానికి చెట్టు దగ్గరికి తీసుకెళ్తుంటే అత్తయ్య కేక వేసింది: "మొదట్లో పోయకమ్మాయ్, వేరుకి ఉప్పు పడదు!" గోడవతల దూరంగా గొయ్యి తీసి పూడ్చాను. ఆ రోజు ఆవిడ అన్న మాట అదొక్కటే. జాడీ పోయిందన్న బాధ కంటే, ఆ కాయల్ని రెండుసార్లు రాల్చినట్టయిందన్న బాధ నన్ను చాలా రోజులు వదల్లేదు.

మామిడి చాలాచోట్ల ఏడాది విడిచి ఏడాది కాస్తుంది. చెట్టు తన కొమ్మల్లో, కాండంలో, వేళ్లలో పిండిపదార్థం దాచుకుంటుంది. విరగకాసిన ఏడు అదంతా కాయలకే ధారపోస్తుంది, మరుసటి ఏడు మళ్లీ కూడబెట్టుకుంటుంది. మన జాడీ కంటే ముందే అక్కడొక నిలవ ఉందన్నమాట. మేం తిన్నది అందులోంచే.

ఈ మాఘంలో పూత కోసం రోజూ తలెత్తి చూశాను. కొమ్మల చివర రాగి రంగు చిగుళ్లు తప్ప ఏమీ రాలేదు. "పోనీలే అమ్మాయ్, నిరుడు ఒళ్లు దాచుకోకుండా కాసింది. ఈ ఏడు దాన్ని ఊరుకోనీ" అంది అత్తయ్య.

పెద్ద జాడీలో మాగాయ సగానికి వచ్చింది. వచ్చే కాపు దాకా రావాలని, పప్పు ఉన్న రోజు దాన్ని ముట్టుకోవడం లేదు. నిన్న పక్కింటి పిల్లవాడు హాస్టల్‌కి వెళ్తూ చెప్పిపోదామని వచ్చాడు. అత్తయ్య ఏమీ అనకుండా లోపలికెళ్లి, పొడి గరిటెతో ఒక సీసా నిండా మాగాయ తీసి వాడి చేతిలో పెట్టింది. వాడు వెళ్లాక జాడీలోకి చూశాను. నాలుగు వేళ్ల మేర తగ్గింది. ఆవిడ ముక్కల్ని గరిటె వెనకతో అణిచి నూనె పైకి తేలనిచ్చి, అంచు పొడిగుడ్డతో తుడిచి, మళ్లీ వాసెన కట్టింది.