రంగునకు ముందు

పాతకారునకు క్రొత్తరంగు వేయించుట ధర్మవిచారమునకు తగిన విషయమా యని కొందరు పాఠకులు నవ్వవచ్చును. నందిగామ మొదలు జగ్గయ్యపేట వరకు హైదరాబాదు రహదారి ప్రక్కనున్న షెడ్లలో ఏదేని యొకదానియందు ఒక పూట కూర్చుండి చూచినవారు నవ్వరని మా నమ్మకము.

అంబాసిడరు కారునే తీసికొందము. పశ్చిమబెంగాలులోని ఉత్తరపారాలో హిందూస్థాన్ మోటార్సువారు 1958 మొదలు దానిని తయారుచేసిరి. 2014లో ఆ తయారీ నిలిచిపోయినది. అధికారులను, పెండ్లివారిని, రోగులను సమానముగా మోసిన బండి యది. ఇప్పుడు అట్టి బండిని ముచ్చటపడి కొని, ఏండ్ల తరబడి సెలవుదినములలో బాగుచేసికొనువారు కలరు. సంస్కృతమున రాగమను మాటకు రంగనియు, అనురాగమనియు నర్థములు కలవు. ఈ యజమానులను చూచినచో ఆ రెండును ఒక్కటేమో యనిపించును.

రంగు కొట్టుట ఒకటి రెండు దినముల పని. దానికి ముందు జరుగవలసినది వారముల పని. బంపర్లు, దీపములు, అద్దముల రబ్బర్లు ఊడదీసి, పాతపూతను గీకి, రేకును బయటపెట్టవలెను. తుప్పు తాను తినివేసిన ఇనుముకంటె ఎక్కువ చోటు నాక్రమించును. కనుకనే అది పెరిగినకొలది పైరంగు పొక్కి లేచును. పైకి గోరంత పొక్కుగా కనబడినచోట గీకి చూచినచో చేయి దూరునంత రంధ్రము బయటపడవచ్చును. చెడిన రేకు కోసివేసి క్రొత్తరేకు అతికించుట సరియైన పని. అట్లు చేయక, ఆ రంధ్రమును పుట్టీతో పూడ్చి, 80వ నంబరు గరుకుకాగితముతో రుద్ది, పిమ్మట 220, 400 నంబర్లతో నునుపుచేసి, ప్రైమరు కొట్టి రంగు వేసినను, బండి ఇంటికి వచ్చిన దినమున రెండు పనులకును భేదము కానరాదు. రెండు వానకాలములు గడచిన పిమ్మట గాని గుట్టు బయటపడదు.

చిక్కంతయు నిందే యున్నది. వడ్రంగి చేసిన కుర్చీ కుంటినచో కూర్చున్నవానికి వెంటనే తెలియును. ఈ పనియో, ముగియుటతోనే తన్ను తాను కప్పుకొనును. చక్కగా చేసినవానికి చూపుకొనుటకు సాక్ష్యము మిగులదు. ఎగవేసినవానికి ఆనాడు పట్టుబడుదునన్న భయము లేదు.

అట్లని కప్పుట యంతయు అసత్యమని మేమనము. పూత లేని ఇనుపరేకు తేమగాలిలో ఒక్క రాత్రికే ఎఱ్ఱబారును. కప్పియే దానిని కాపాడవలెను. కాపాడు పూతయు, దాచు పూతయు ఒకే రంగు డబ్బాలోనుండి వచ్చుటయే విచిత్రము. ఆంగ్లమున 'సిన్సియర్' అను మాటకు 'మైనము లేనిది' యని లాటిను వ్యుత్పత్తి చెప్పి, పూర్వపు శిల్పులు రాతి పగుళ్లను మైనముతో పూడ్చెడివారని కథ యొకటి చెప్పుదురు. భాషాశాస్త్రజ్ఞులు దాని నంగీకరింపరు. నిజాయితీని తెలుపు మాటకే లోకము పుట్టీ పెట్టినది!

“బండి నాది, అమ్మబోను. నన్ను నేను మోసగించుకొన్న నెవరికి నష్టము?” అని యజమాని యడుగవచ్చును. అంబాసిడరునకు లారీకి వలె వేరుగా చాసిస్ లేదు. ఒంటిరేకే బరువు మోయును. తలుపుల క్రింది గడపభాగము తుప్పుపట్టి, దానిపై పుట్టీ మెరసినచో, వెనుకసీటున కూర్చున్న పిల్లలు ఆ మెరుపునే నమ్ముకొని కూర్చున్నారు. పదునైదేండ్లు దాటిన సొంతబండిని పరీక్షించి, అయిదేండ్లకొకసారి రిజిస్ట్రేషను పొడిగించుట చట్టము. పరీక్షించువాని కన్ను మాత్రము రంగు నెట్లు దాటిపోవును? మన సంస్కరణములందును ఈ తంతు లేకపోలేదు. 1961లో వరకట్ననిషేధ చట్టము వచ్చినది. కట్నమను పేరు చెరిగి, లాంఛనములను పేరు పైకి వచ్చినది.

మేస్త్రినే దోషిగా నిలుపుట మాకు సమ్మతము గాదు. ఏ రంగు, ఎంత మెరుపు, ఎన్నవ తేదీకి అని అడుగువారే గాని, ఎంత రేకు కోసితివని అడుగువారు అరుదు. రంగు ధరకు మారు పలుకక, రుద్దుడు కూలియొద్ద బేరమాడుదురు. గీకుటకు కూలి యియ్యనివాడు పుట్టీని తానే కొన్నట్లు లెక్క.

ఆ రుద్దుడులోనే మరియొక చిక్కు కలదు. పుట్టీ నీటిని పీల్చును. తడిపి రుద్దినచో ఆ తేమ లోపలనే నిలిచి రేకును తినును. పొడిగా రుద్దినచో రేకు బాగుండును గాని, ఆ ధూళి పనివాని ఊపిరితిత్తులలోనికి పోవును. రేకునకు మేలైనది మనుష్యునకు కీడగుచున్నది. ధూళి నాపు మంచి ముసుగు దీనికి మందు. దాని వెలయు, గీకుడు కూలియు బిల్లులో వేరుగా వ్రాయించి చెల్లించుట యజమాని విధియని మేము తలంతుము. ప్రైమరు పడకముందు, రేకు వట్టిగా నున్న దినమున, అతడొకసారి షెడ్డునకు పోయి చూడవలెను. మేస్త్రి చూపదలచినదంతయు ఆనాడే కనబడును. యజమానులు సాధారణముగా వచ్చునది మాత్రము తాళపుచెవులు తీసికొనునాడే.