కాదనలేని సైన్యం: ప్రేతపక్ష నాయకుని నిర్మాణం – ఒక నైతిక పరిశీలన

ప్రస్తావన

వ్యూహాత్మక వీడియో క్రీడల్లో నాయకుడు సిద్ధరూపంలో రాడు. ఏ విద్య నేర్పాలి, ఏ సైన్యాన్ని వెంట ఉంచాలి, ఎవరితో పోరాడాలి, ఎవరిని విడిచిపెట్టాలి అనే నిర్ణయాల ద్వారా ఆటగాడు అతనిని క్రమక్రమంగా నిర్మించుకుంటాడు. కావ్యంలో పాత్ర తీసుకొనే నిర్ణయాలను పాఠకుడు గమనించి విచారిస్తాడు. ఆటలో ఆ నిర్ణయాలు అతనివే అవుతాయి. అందువల్ల నాయక నిర్మాణం సాహిత్య విద్యార్థి పరిశీలించదగిన విషయమే.

న్యూ వరల్డ్ కంప్యూటింగ్ సంస్థ రూపొందించగా 1999లో విడుదలైన 'హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ 3' క్రీడలో 'నెక్రోపోలిస్' అనే ప్రేతనగరం ఒకటుంది. అస్థిపంజరాలు, నడిచే శవాలు, రక్తపిశాచాలు, ఎముకల డ్రాగన్లు దాని సైన్యం. ఈ పక్షపు నాయకుడు తన యుద్ధాలలో కూలినవారి నుండే బలం పొందుతాడు. అటువంటి నాయకునిలో దోషం ఎక్కడుంది? ఎక్కువమందిని చంపడంలోనా, శవాన్ని అవమానించడంలోనా, మరొకచోటనా? ఈ ప్రశ్నను ఆట నియమాల ఆధారంగానూ, మృతులు తిరిగి లేవడాన్ని వర్ణించిన భారతకథల వెలుగులోనూ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నియమాలు చెప్పే కథ

ఈ పక్షంలో నాయకులు రెండు తెగలు. ఆయుధబలం ప్రధానమైన 'డెత్ నైట్' ఒకటి, మంత్రబలం ప్రధానమైన 'నెక్రోమాన్సర్' రెండవది. ప్రతి నాయకుడూ ఎనిమిది విద్యలకు మించి నేర్వలేడు. ప్రతి విద్యకూ మూడు అంతస్తులుంటాయి. ఈ రెండు తెగలవారికీ 'నెక్రోమాన్సీ' విద్య పుట్టుకతోనే సంక్రమిస్తుంది. దీనిని మృతోత్థాపన విద్య అనవచ్చు. యుద్ధం ముగిశాక శత్రుపక్షంలో కూలినవారి నుండి ఈ విద్య తొలి అంతస్తులో పది శాతం, రెండవ దానిలో ఇరవై శాతం, మూడవ దానిలో ముప్పై శాతం అస్థిపంజరాలను లేపుతుంది. అనుభవజ్ఞులైన ఆటగాళ్లు దీనిని వీలైనంత త్వరగా మూడవ అంతస్తుకు చేరుస్తారు. ఇతర పక్షాల నాయకులకు ప్రతి యుద్ధమూ వ్యయమే. ఇతనికి మాత్రం యుద్ధం పంటకోత వంటిది.

ఇంతకంటె ఆలోచింపజేసే నియమాలు మరి రెండున్నాయి. మొదటిది: ప్రేతసైనికులకు మనోబలమనే కొలత వర్తించదు. జీవసైనికులు ఉత్సాహం పొందితే రెండవసారి కదులుతారు, భయపడితే ఆగిపోతారు. ప్రేతాలకు ఆ రెండూ లేవు. పైగా అవి ఉన్న దండులో జీవసైనికుల మనోబలం తగ్గుతుంది. రెండవది: ఈ నాయకులు ఎంత అనుభవం గడించినా వారికి ఎన్నుకోవడానికి 'లీడర్‌షిప్', అనగా నాయకత్వ విద్య ఎదురు రాదు. క్రీడాకర్తలు దీనిని కేవలం లెక్కల సమతూకం కోసమే పెట్టి ఉండవచ్చు. అయినా దాని అర్థం స్పష్టమే. భయపడగల మనిషికి ధైర్యం చెప్పడమే నాయకత్వం. భయమే లేనివాని విషయంలో దానికి చోటు లేదు. ఇతనికి దండు ఉంది గాని అనుచరులు లేరు.

అలంకారశాస్త్ర దృష్టిలో ఈ సంగతి మరింత విశదమవుతుంది. వీరరసానికి స్థాయిభావం ఉత్సాహం. ప్రేతసేనలో ఉత్సాహానికి ఆశ్రయం లేదు. కనిపించే రూపమంతా జుగుప్సకు, అంటే బీభత్సానికి సంబంధించినది. అయినా ఆడేవాడు అనుభవించేది విజయోత్సాహమే. రంగం మీద బీభత్సం, ఆడేవానిలో వీరం అనే ఈ ఎడం మీదనే ప్రేతపక్షపు ఆకర్షణ నిలిచి ఉంది. రసవిభాగంలో దానవీర, దయావీర భేదాలు కూడా ఉన్నాయన్నది ఇక్కడ మరువరాదు. ప్రేతపక్ష నాయకుని విషయంలో తొలి పరీక్ష దయ దగ్గరే ఎదురవుతుంది.

పారిపోయేవారు, నమ్మి వచ్చినవారు

క్రీడాపటంలో ఏ పక్షానికీ చెందని దండులు అక్కడక్కడ నిలిచి ఉంటాయి. నాయకుని బలం మిక్కుటమైనప్పుడు అవి కొన్నిసార్లు యుద్ధం చేయకుండానే చెదిరిపోతాయి. అప్పుడు ఆట ఒక ప్రశ్న వేస్తుంది: వారిని తరిమి పోరాడతావా, విడిచిపెడతావా? సాధారణ నాయకునికి ఈ ప్రశ్నలో లాభనష్టాలు రెండూ ఉంటాయి. తరిమితే అనుభవం వస్తుంది, కొందరు సైనికులు పోతారు. విడిచిపెడితే బలం మిగులుతుంది. అతని స్వార్థమూ దయా కొన్నిసార్లు ఒకేవైపు నడుస్తాయి. మృతోత్థాపన విద్య నేర్చినవానికి లెక్క వేరు. పారిపోయే ప్రతి ప్రాణీ అతనికి చేజారిన ఒక ఎముకలగూడు. వెన్నుచూపినవానిని చంపరాదన్న యుద్ధధర్మం అందరికీ ఒకటే అయినా దానిని పాటించడానికి అతడు చెల్లించవలసిన మూల్యం అందరికంటె ఎక్కువ.

ఒక్కొక్కప్పుడు ఆ దండులు పారిపోవడానికి బదులు నాయకునితో చేరతామంటాయి. ప్రేతాల మధ్య జీవులు ఇమడరు కనుక ఆటగాడు వారిని తిప్పి పంపవచ్చు, లేదా నగరానికి తీసుకొనిపోవచ్చు. ప్రేతనగరంలో 'స్కెలిటన్ ట్రాన్స్‌ఫార్మర్' అనే కట్టడం ఉంటుంది. దానిలోకి పంపిన జీవసైనికులు అస్థిపంజరాలై బయటికి వస్తారు. డ్రాగన్లను పంపితే ఎముకల డ్రాగన్లవుతాయి. ఇక్కడ బలి అయ్యేది శత్రువు కాడు, తనను నమ్మి చేరినవాడు. అయినా ఆట ఈ చర్యను నిందించదు, శిక్షించదు. ఒక బొత్తాము నొక్కితే లెక్క మారుతుంది, అంతే. నియమాల ద్వారానే క్రీడలు వాదన చేస్తాయని ఇయాన్ బొగోస్ట్ 2007లో ప్రతిపాదించారు. ఆ దృష్టితో చూస్తే ఈ కట్టడం చేసే వాదన ఇది: విశ్వాసానికి విలువ కట్టే గడి లెక్కలో లేకపోతే, విశ్వాసఘాతుకం కూడా ఆ లెక్కలో కనిపించదు.

ఈ ఆటకు 2000లో వచ్చిన 'ది షాడో ఆఫ్ డెత్' విస్తరణ ఇదే భావాన్ని కథగా చెప్పింది. సాండ్రో అనే మృతోత్థాపకుడు తన శక్తిని పెంచే వస్తువుల భాగాలను జెమ్, క్రాగ్ హాక్ అనే ఇద్దరు నాయకుల చేత, అసలు కారణం దాచి, సేకరింపజేస్తాడు. తనతో కలిసినవారందరూ అతని దృష్టిలో ఉపకరణాలే. శవాల విషయంలో అలవడిన చూపు బ్రతికినవారి మీదికి వ్యాపించింది.

మృతులు లేచిన మూడు సందర్భాలు

మృతులను లేపడమే దోషమైతే మన ఇతిహాసంలోని కొన్ని ఘట్టాలు కూడా ఆ దోషానికి లోనవుతాయి. అట్లా కాకపోవడానికి గల కారణం పరిశీలించదగినది.

నన్నయ తెనిగించిన ఆదిపర్వంలోని కచోపాఖ్యానంలో శుక్రాచార్యుడు యుద్ధంలో కూలిన దానవులను మృతసంజీవని విద్యతో బ్రతికిస్తాడు. పైకి చూస్తే ఇది ప్రేతపక్ష నాయకుని పనే. లేచినవారు తిరిగి యుద్ధానికే పోతారు. కాని లేచినవాడు ఎవరన్నది ఇక్కడ ముఖ్యం. దానవులు పదేపదే చంపిన కచుడు లేచిన ప్రతిసారీ కచుడుగానే లేస్తాడు. తనకు జరిగినది చెప్పగలడు. తన ప్రాణం నిలవడానికి కారణమైన దేవయాని ప్రేమను చివరికి నిరాకరించగలడు, ఆమె శాపానికి ప్రతిశాపమూ ఇవ్వగలడు. బ్రతికించినవారికి కూడా 'కాదు' అనగలగడమే అతడు నిజంగా బ్రతికాడనడానికి నిదర్శనం.

తిక్కన తెనిగించిన పదిహేను పర్వాలలో ఒకటైన ఆశ్రమవాసపర్వంలో వ్యాసుడు కురుక్షేత్రంలో మరణించిన వీరులను ఒక్క రాత్రి గంగాజలాల నుండి రప్పిస్తాడు. ఉభయపక్షాలవారూ వైరం విడిచి బంధువులను కలుసుకొని తెల్లవారేసరికి వెళ్లిపోతారు. పుత్రశోకంతో కుమిలే తల్లిదండ్రుల కోసం జరిగిన పని ఇది. ఏ యుద్ధప్రయోజనమూ దీనికి లేదు, వారిని నిలిపి ఉంచే ప్రయత్నమూ లేదు.

మూడవది భేతాళకథ. అక్కడ శవం లేవడమే గాక మాట్లాడుతుంది. మోసేవానికి కథ చెప్పి, న్యాయం ఏదని నిలదీస్తుంది. విక్రమార్కుని భుజం మీది శవం అతనికి బరువు మాత్రమే కాదు, పరీక్ష కూడా.

ఈ మూడింటిలో మృతుడు వరుసగా నిరాకరించగలవాడు, ప్రేమించబడేవాడు, ప్రశ్నించేవాడు. ప్రేతసేనలోని అస్థిపంజరానికి ఈ మూడు స్థితులూ లేవు. దానికి పూర్వనామం లేదు. ఏ జాతి ప్రాణి కూలినా లేచే గూడు ఒకే తీరుగా ఉంటుంది. ఆ ఆటలోనే 'రెజరెక్షన్' అనే మంత్రం కూలిన సైనికులను తమ తమ దళాలలోనే తిరిగి నిలుపుతుంది. కనుక దోషం మృతులను లేపడంలో లేదు. ఎవరో ఒకరుగా ఉన్నవానిని ఎవరూ కాని బలంగా మార్చడంలో ఉంది.

రెండు ఆక్షేపణలు

ఇదంతా తెరమీది బొమ్మల వ్యవహారమనీ, చదరంగంలో బంటును చంపినవాడు హంతకుడు కానట్లే ఇక్కడ ఎవరికీ హాని లేదనీ ఒక ఆక్షేపణ రావచ్చు. ఇది అంగీకరించదగినదే. ప్రేతపక్షం వహించి ఆడినవాడు దుష్టుడని ఈ వ్యాసం చెప్పదు. దుర్యోధన పాత్రధారి దుర్యోధనుడు కాడు. అయితే పాత్రధారి ఆ మనసు ఏ తీరున నడుస్తుందో లోపలినుండి తెలుసుకుంటాడు. నమ్మివచ్చినవానిని కట్టడంలోకి పంపడం ఎంత సులభంగా జరిగిపోతుందో గ్రహించడం కూడా అటువంటి తెలివిడే.

రెండవ ఆక్షేపణ బలమైనది. ప్రేతానికి బాధ లేదు, భయం లేదు, దాని కోసం ఏడ్చే తల్లి లేదు. బ్రతికిన యువకులను యుద్ధానికి పంపేకంటె ఇది మేలు కాదా? సమాధానం అంత తేలిక కాదు. బాధ తగ్గడం నిస్సందేహంగా మంచిదే. కాని సైనికుని భయం కేవలం బాధ మాత్రమే కాదు. అది రాజును ఆపే పగ్గం కూడా. దండు వెనుకాడుతుందని తెలిసిన రాజు యుద్ధానికి ముందు కారణం వెదకవలసి వస్తుంది. వెనుకాడని దండు ఉన్నవాడు ఎవరికీ కారణం చెప్పనక్కర లేదు. ప్రేతసేన యుద్ధం నుండి బాధతో పాటు సంజాయిషీని కూడా తొలగిస్తుంది. పైగా ఆ అస్థిపంజరాలు ఆకాశం నుండి ఊడిపడలేదు. ప్రతి గూడు వెనుకా ముందొక చావు ఉంది. బ్రతికినవారిని కాపాడడానికని చెప్పే సైన్యం, పెరగడానికి మాత్రం బ్రతికినవారి చావునే కోరుతుంది.

ఈ విచారం ఆటకే పరిమితం కాదు. 2020లో దివంగతులైన గాయకులు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం కంఠాన్ని కృత్రిమ మేధతో పునఃసృష్టించి ఒక తెలుగు చిత్రంలో వాడడంపై 2024లో ఆయన కుటుంబం న్యాయపరమైన అభ్యంతరం తెలిపింది. అక్కడ హత్య లేదు, వైరం లేదు, గౌరవంతోనే చేశామనే వాదనకు తావుంది. అయినా చిక్కు మిగిలే ఉంటుంది. కంఠం లేచింది గాని, 'ఈ పాట నేను పాడను' అనగల గాయకుడు లేవలేదు. అనుమతి అడగవలసింది ఆ నిరాకరించగల మనిషినే. అతడు లేనప్పుడు ఆ మాట అతని తరఫున కుటుంబమో సమాజమో అనవలసి వస్తుంది.

ముగింపు

ప్రేతపక్ష నాయకుని నిర్మాణంలో దోషం చంపడంలోని పరిమాణంలో లేదు. మిగిలిన పక్షాల నాయకులూ చంపుతారు. శవరూపం పుట్టించే జుగుప్సలోనూ లేదు, అది రసానుభవానికి సంబంధించినది. తనతో 'కాదు' అనగలవారందరినీ అనలేనివారుగా మార్చుకోవడంలో ఆ దోషం ఉంది. పారిపోయేవాడు, నమ్మి చేరినవాడు, కూలిన శత్రువు ముగ్గురూ అతని లెక్కలో చివరికి ఒకే అంకె అవుతారు. అతనికి నాయకత్వ విద్య అందకపోవడం ఈ కారణం వల్ల సమంజసమే. కచుని నిరాకరణను దేవయాని భరించవలసి వచ్చింది, భేతాళుని ప్రశ్నను విక్రమార్కుడు మోయవలసి వచ్చింది. మృతులతోనైనా సజీవులతోనైనా సంబంధం నిలిచేది ఆ భారం ఉన్నచోటనే.